సంతకం కోసం ఆగిన మాట

సర్వలోకాలనూ పోషించే ప్రభువుకు స్తోత్రం. మట్టికి ప్రాణం పోసినవాడు ఆయన, ప్రాణానికి నాలుక ఇచ్చినవాడు ఆయన. నోట వచ్చిన ప్రతి మాటకూ, రాకుండా గొంతులో ఆగిపోయిన ప్రతి మాటకూ సాక్షి ఆయనే. ఆయన పంపిన ప్రవక్తలందరి మీదా శాంతి కురియుగాక. ఈ నాలుగు పేజీల్లో నిజం ఉంటే అది ఆయన దయ. పొరపాటు ఉంటే నాది.

మొన్న విశాఖపట్నం స్టేషన్లో హౌరా వైపు నుంచి వచ్చిన బండి ఆగితే, టీ కోసం దిగిన ఒకాయన నన్ను గుర్తుపట్టి దగ్గరికొచ్చాడు. ఖరగ్‌పూర్‌లో మా పాత క్వార్టర్ల లైన్లో ఉండే ఫిట్టరు.

"మీ ఇమాం గారు పోయినారండి. ఇచ్ఛాపురం కాడ ఆళ్ళ ఊర్లోనే. పది రోజులవతంది. మీకు తెల్దేటి?" అన్నాడు.

నాకు తెలీదు. మరణవార్త విన్నప్పుడు మనవాళ్ళు పలికే మాట పలికాను. ఇంకేదో అడగబోయేలోపు బండి కదిలింది. ఆయన సగం తాగిన గ్లాసు నా చేతిలో పెట్టి పరుగెత్తాడు.

ఇమాం గారి పేరు రాయను. మసీదు గోడ మీద ఇమాముల పేర్లు రాయిద్దామని కమిటీ అన్నప్పుడు కూడా తన పేరు రాయనివ్వలేదాయన. ఎక్కడ చదివారో, ఎన్నేళ్ళు చదివారో నాకు సరిగా తెలీదు. నాకు తెలిసింది ఒకటే. మా పిన్ని కొడుకు కరీం రక్తం దారిన పోకుండా పట్టుకోవలసిన చెయ్యి ఆయనది. ఆ చెయ్యి ఎంతదాకా చాచారో, ఎక్కడ ఆగిపోయిందో పక్కనుండి చూసినవాణ్ణి నేను.

*

పొట్టిగా ఉండేవారు. గడ్డంలో ఎడమవైపు మాత్రమే నెరిసింది. ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పరు. కుడి చేతి చొక్కా మడత ఒకటి విప్పి, మళ్ళీ మడిచి, అప్పుడు నోరు తెరిచేవారు. కుర్రాళ్ళు ఆ మడత చూసి నవ్వుకునేవారు. "ఉండండర్రా, ఇంకా సిగ్నల్ పడలేదు," అనేవారు.

మా మసీదు రైల్వే కాలనీ అంచున ఉండేది. నమాజుకి వచ్చేవాళ్ళలో ఉర్దూ మాట్లాడేవాళ్ళు ఎక్కువ, తరవాత బెంగాలీలు. ఇంట్లో తెలుగు మాట్లాడే ముస్లిం కుటుంబాలు మావి ఎనిమిదో తొమ్మిదో. మా తాతలు విజయనగరం వైపు దూది ఏకేవారు, మా నాన్నల కాలానికి వర్క్‌షాప్‌లో ఇనుము అరగదీసేవారయ్యారు. ఉర్దూ సరిగా రాదని మమ్మల్ని ఎవరూ మసీదు నుంచి పొమ్మనలేదు గానీ, వచ్చినందుకు మెచ్చుకున్నదీ లేదు.

శుక్రవారం జుమా నమాజుకి ముందు ఇమాం గారు ఉర్దూలో ప్రసంగం చేసేవారు. బయాన్ అంటాం దాన్ని. వర్క్‌షాప్ సైరన్ కూసేలోపు అందరూ తిరిగి పనిలో ఉండాలి కాబట్టి వాక్యం మధ్యలో ఉన్నా ఆపేసేవారు. నమాజు అయ్యాక, కాళ్ళు కడుక్కునే కుళాయిల దగ్గర మా తెలుగువాళ్ళం నలుగురం నిలబడితే, అదే బయాన్ రెండు నిమిషాల్లో తెలుగులో చెప్పేవారు. ఉర్దూవాళ్ళు చెప్పులు వేసుకుంటూ ఎగతాళి చేసేవారు. "మెయిల్ వెళ్ళిపోయింది, ఇప్పుడు వీళ్ళ పాసింజర్ వస్తుంది."

ఆయన నవ్వి, "పాసింజర్ అన్ని స్టేషన్లలోనూ ఆగుతాది భాయీ," అనేవారు.

ఆయన దగ్గర ఒక ఈతచాప ఉండేది. కోపం వచ్చినవాడు నిలబడి ఉంటే కూర్చోవాలి, కూర్చున్నా తగ్గకపోతే పడుకోవాలి అని మన పెద్దలు నేర్పిన పద్ధతి. అందరమూ విన్నదే. దాన్ని నిజంగా చేయించిన మనిషిని మాత్రం నేను ఈయన్నొక్కరినే చూశాను. ఒకసారి క్వార్టర్ల ముందు పొయ్యి బూడిద పోసే చోటు గురించి ఒక గార్డూ ఒక వెల్డరూ కొట్టుకునేదాకా వచ్చి, తీర్పు చెప్పమని ఇద్దరూ మసీదులోకొచ్చారు.

"నిలబడి తిట్టుకుంటే బలమొస్తాది. కూకోండి," అన్నారు ఇమాం గారు.

కూర్చున్నారు. తిట్లు ఆగలేదు.

"అయితే తొంగోండి."

"ఏటండీ?"

"తొంగోండి. ఇద్దరూ. సాప మీద."

నలభై దాటిన మనుషులిద్దరూ ఒకే చాప మీద పక్కపక్కన వెల్లకిలా పడుకున్నారు. వెల్లకిలా పడుకుని పక్కవాణ్ణి తిట్టడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. కాసేపటికి గార్డు పైకి చూస్తూ, "ఆ ఫ్యాను ఊగతంది. మీద పడేలా ఉంది," అన్నాడు. వెల్డరు కూడా చూసి, "బోల్టు ఒదులయింది. రేపొచ్చి బిగిస్తాను," అన్నాడు. బూడిద సంగతి తరవాత ఎవరికీ గుర్తు రాలేదు.

ఆ చాప మీద ఎక్కువసార్లు పడుకున్నవాడు మా కరీం.

వాడికి ఆరేళ్ళప్పుడు మా పిన్ని భర్త షంటింగ్ యార్డులో పోయాడు. పిన్ని బట్టలు కుట్టి పెంచింది. వర్క్‌షాప్‌లో అప్రెంటిస్‌గా చేరేనాటికి వాడి గొంతు ఎంత మంచిదో, కోపం అంత చెడ్డది. దైవగ్రంథం వాడు చదువుతుంటే ఉర్దూవాళ్ళు కూడా తలలు వంచి వినేవారు. పండక్కి వాడి చేత చదివించినప్పుడు, "తెలుగు గొంతులో ఇంత తేనె ఉందా," అని ఒక ముసలాయన కళ్ళు తుడుచుకున్నాడు. అదే కరీం పండగైన రెండో రోజున ఫోర్‌మన్ చొక్కా పట్టుకుని, మసీదుకి పరిగెత్తుకొచ్చి చాప మీద పడ్డాడు. ఇమాం గారు పక్కన కూర్చుని వాడి చేత ఒక అధ్యాయం చదివించుకుని, తరవాత ఫోర్‌మన్ ఇంటికి తానే తీసుకెళ్ళారు.

పిన్ని మసీదు గేటు బయట నిలబడి ఆయనతో అన్న మాట నేను విన్నాను. "నా మాట ఆడు ఇనడు బాబూ. మీ మాటే ఇంతాడు. ఆడు మీకు అప్పజెప్పిన బిడ్డ."

ఆయన చొక్కా మడత విప్పి, మళ్ళీ మడిచి, "అలాగేనమ్మా," అన్నారు.

*

అయోధ్యలో మసీదు కూలిన శీతకాలం వచ్చింది.

మా ఊళ్ళో పెద్ద గొడవలేమీ కాలేదు. కానీ సాలువా క్యాంపు నుంచి సాయుధ పోలీసులు వచ్చి మా మసీదు మలుపులో నిలబడ్డారు. రేడియో దగ్గర మనుషులు గుంపులుగా చేరి, ఎవరైనా కొత్తవాడొస్తే నోరు మూసుకునేవారు. కుర్రాళ్ళు నమాజు అయ్యాక ఇళ్ళకి పోయేవారు కాదు. మసీదులోనే కూర్చునేవారు. అరిచేవారు, ఏడ్చేవారు. ఇమాం గారు వాళ్ళ మధ్యనే ఉండేవారు. ఎక్కువ మాట్లాడేవారు కాదు. వాళ్ళని అరవనిచ్చేవారు.

మసీదు కమిటీకి సెక్రటరీ గారు రిటైరైన హెడ్‌క్లర్కు. ఝపటాపూర్‌లో ఉండేవారు. మంచి మనిషి, భయస్తుడు. నేను రైల్వేలో గుమస్తాని, దస్తూరి బాగుంటుందని నన్ను జాయింట్ సెక్రటరీ చేశారు. మా పైన కలకత్తాలో ఒక ఆఫీసు ఉండేది. మసీదులూ ఇమాములూ దాని కింద ఉండేవి. దాని పేరు ఇక్కడ అవసరం లేదు. ఆ చలికాలంలోనే ఆ ఆఫీసు నుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. యువకులు తప్పుదారి పట్టకుండా మసీదులు బాధ్యత వహించాలి, రాజకీయ చర్చలు జరగనివ్వకూడదు, ప్రసంగాలు అదుపులో ఉండాలి అని అందులో ఉంది. చెడ్డ మాట ఒక్కటీ లేదు. ఇప్పటికీ నేను దాన్ని తప్పు పట్టలేను.

సెక్రటరీ గారు దాన్ని మూడుసార్లు చదివి రెండు ఏర్పాట్లు చేశారు. మొదటిది, శుక్రవారం బయాన్‌ని ఇమాం గారు బుధవారానికి రాసి ఇవ్వాలి, సెక్రటరీ సంతకం అయ్యాకే చదవాలి. రెండోది, ప్రతి నమాజు అయిన పావుగంటకి మసీదు గేటుకి తాళం వెయ్యాలి. తాళంచెవి సెక్రటరీ దగ్గర ఉంటుంది. నమాజు వేళకి ఆయనే వచ్చి తీస్తారు. ఈ సంగతి ఉర్దూలో, బెంగాలీలో, తెలుగులో బోర్డు రాసి గేటుకి కట్టినవాణ్ణి నేనే. అక్షరాలు బాగున్నాయని అందరూ అన్నారు.

ఆ బుధవారం ఇమాం గారు ఇచ్చిన బయాన్ కాగితం నేనే సెక్రటరీ గారికి తీసుకెళ్ళాను. దారిలో చదివాను. సగం పేజీ. అందులో ఒక మాట ఇలా ఉంది: మన కోపం నిజమైనదే, కానీ కోపం పట్టుకుని బయలుదేరినవాడికి కూల్చినవాడు ఎదురుపడడు, దారిన పోయేవాడు ఎదురుపడతాడు.

సెక్రటరీ గారు కళ్ళజోడు పెట్టుకుని చదివారు. "బాత్ అచ్ఛీ హై," అన్నారు. మాట మంచిదేనని. "కానీ ఇందులో అయోధ్య పేరుంది. కూల్చడం ఉంది. కోపం ఉంది. బయట పోలీసులున్నారు. ఎవడైనా సగం విని రాసుకుపోతే?" ఎర్ర పెన్సిలుతో పైనుంచి కిందికి ఒక గీత గీశారు. "ఈ వారం ఏదైనా మామూలు విషయం చెప్పమనండి."

ఆ శుక్రవారం మసీదు కిక్కిరిసింది. మెట్ల మీద కూడా జనం. ఎప్పుడూ రానివాళ్ళు వచ్చారు. ఇమాం గారు ఏం చెబుతారా అని ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. ఆయన లేచి నిలబడి, పుల్లతో పళ్ళు తోముకోవడం ఎంత పుణ్యమో, దానివల్ల కలిగే మేలు ఏమిటో ఇరవై నిమిషాలు చెప్పారు.

వెనక వరసలో ఎవరో నవ్వారు. తరవాత ఇంకొకరు. మసీదులో బయాన్ జరుగుతుండగా జనం నవ్వడం నేను అంతకుముందు వినలేదు.

కుళాయిల దగ్గర మేం నిలబడ్డాం. పాసింజర్ రావాలి కదా. ఆయన వచ్చారు. నోరు తెరవకముందే కరీం అందుకున్నాడు.

"ఏటి ఇమాం గారూ, పళ్ళు తోముకుంటే న్యాయం జరుగుద్దా?"

"కరీం!" అన్నాను నేను.

"నువ్వుండన్నయ్యా. ఆయన్ని అడగతన్నాను. మనోళ్ళని ఇలగ సేసినారు, మనం ఏటి సెయ్యాల? ఊరుకోవడవేనా? గ్రంథంలో ఏటుందో సెప్పమనండి. అదొక్కటే అడగతన్నాను."

ఇమాం గారు చొక్కా మడత విప్పారు. మళ్ళీ మడిచారు. "సెప్తాను నాన్నా. కొంచెం ఆగు. నన్ను అడిగి సెప్పనీ."

"ఎవర్ని అడిగి? అల్లానా, సెక్రటరీనా?"

ఎవరూ నవ్వలేదు.

ఆ తరవాత వారం ఇంకో సంగతి జరిగింది. పొద్దున్న నమాజు అయ్యాక, మలుపులో చలికి వణుకుతున్న పోలీసులకి ఇమాం గారు కెటిల్‌తో టీ తీసుకెళ్ళారు. కరీం చూశాడు.

"మన మీద కాపలా ఉన్నోళ్ళకి టీ పోస్తన్నారా?"

"సలిలో నిలబడ్డోడికి టీ పోస్తే మన మతం మారిపోద్దేటిరా?"

"ఆళ్ళతో మాట్టాడ్డానికి మీకు సంతకం అక్కర్లేదు. మాతో మాట్టాడ్డానికే కావాల."

ఇమాం గారు ఖాళీ కెటిల్ పట్టుకుని అక్కడే నిలబడిపోయారు. జవాబు ఉంది ఆయన దగ్గర. నేను చదివాను దాన్ని. ఎర్ర గీత కింద ఉంది.

*

ఎందుకు ధిక్కరించలేదని మీరడుగుతారు. నేనూ ఒకసారి అడిగాను. చిన్నప్పుడు తన ఊళ్ళో ఒక ఇమాం కమిటీ మాట కాదని తన మాట చెబితే, జమాత్, అంటే మసీదు జనం, రెండుగా చీలి, రంజాన్ నెలలో మసీదు లోపలే కర్రలు లేచాయట. ఈయన మేనమామ తల పగిలి ప్రార్థన చాప మీదే పడ్డాడట. "మంచి మాట కోసమే మొదలైంది బాబూ ఆ గొడవ," అన్నారు. "జమాత్ చీలిస్తే ఆ పాపం నా మెడకి. ఎంత ఆలస్యమైనా అడిగే చేద్దాం."

అడిగారు. ఆదివారం సాయంత్రం అసర్ నమాజు తరవాత ఒక గంట మసీదు తెరిచి ఉంచితే కుర్రాళ్ళతో కూర్చుంటాను, వాళ్ళడిగినదానికి గ్రంథం చూపించి జవాబు చెబుతాను, కమిటీ మనిషి ఒకరు కూర్చుని వినొచ్చు అని కలకత్తా ఆఫీసుకి దరఖాస్తు. నేనే టైపు చేశాను. నెల అయినా జవాబు లేదు. ఇంకొకటి పంపాం. ఆ తరవాత ఇంకొకటి. చివరికి దరఖాస్తు పరిశీలనలో ఉందని ఒక కార్డు వచ్చింది. ఆయన దాన్ని ఎంతో జాగ్రత్తగా జేబులో పెట్టుకున్నారు. ఎవరైనా అడిగితే తీసి చూపించేవారు. "పరిశీలనలో ఉంది."

ఈలోపు గోల్‌బజార్‌లో ఒక పిండి గోదాము మీది గదిలోకి ఎక్కడినుంచో ఒక పెద్దమనిషి వచ్చి దిగాడు. తెల్లటి బట్టలు, నెమ్మదైన మాట, ఒక టేప్‌రికార్డరు, అట్టపెట్టె నిండా క్యాసెట్లు. మా మసీదుకి తాళం పడగానే మా కుర్రాళ్ళు నేరుగా అక్కడికెళ్ళేవారు. కరీంని నేను నిలదీశాను.

"ఏటుందిరా అక్కడ?"

"తలుపు తీసుంటాది," అన్నాడు. "అడిగితే జవాబు అప్పుడే సెప్తారు."

"జవాబు తప్పయితే?"

"మీరు ఒప్పుది సెప్పండి మరి."

నాకు తెలిసిన ఒప్పు జవాబు నా సొంతం కాదు. అది ఇమాం గారిది. ఆయన పెదవి దాటకుండా నేనెలా చెబుతానని ఊరుకున్నాను. నన్ను అల్లాహ్ క్షమించుగాక.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం అసర్ నమాజు అయింది. సెక్రటరీ గారు గేటుకి తాళం వేసి రిక్షాలో వెళ్ళిపోయారు. ఇమాం గారూ నేనూ రోడ్డు మీద నిలబడి ఉండగా కరీం వచ్చాడు. చాలా రోజులకి. గడ్డం గీసుకోలేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నా వైపు చూడలేదు.

"ఇమాం గారూ, మీతో మాట్టాడాల. లోపల కూకుందాం."

ఆ గొంతులో ఎగతాళి లేదు. నేను ఇప్పటికీ ప్రమాణం చేసి చెప్పగలను, వాడు ఆరోజు పట్టుకోమని అడగడానికే వచ్చాడు.

ఇమాం గారి ముఖం వెలిగింది. గేటు వైపు తిరిగారు. తాళం చూశారు.

"సెవి సెక్రటరీ గారి కాడ ఉంది నాన్నా. ఇక్కడే కూకుందాం." అంటూ ఆయన రోడ్డు పక్క మట్టిలో చతికిలబడ్డారు. తెల్లటి బట్టలతో. "రా. కూకో."

రిక్షాలు పోతున్నాయి. మలుపులో పోలీసులు ఇటే చూస్తున్నారు. కరీం కూర్చోలేదు.

"ఇక్కడ ఎలగ సెప్పమంటారు? ఆళ్ళు సూడ్డం నేదా? లోపలికెల్దాం. తాళం తియ్యించండి."

"బాబూ, సైకిలెక్కు," అన్నారు ఇమాం గారు నాతో. "ఇమాం బతిమాలతన్నాడని సెప్పు. ఒక్క గంట. కరీం, నువ్ కదలకు. ఇదిగో, నా చెయ్యి పట్టుకో."

నేను ఝపటాపూర్‌కి ఎంత వేగంగా తొక్కానో నాకే తెలీదు. సెక్రటరీ గారు అప్పుడే కాళ్ళు కడుక్కుంటున్నారు. విన్నారు. "దరఖాస్తుకి జవాబు వచ్చిందా?" అన్నారు. రాలేదన్నాను. "మరి?" అన్నారు. ఇది దరఖాస్తు సంగతి కాదండీ, కుర్రాడి సంగతి అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "రేపు ఎవడైనా అడిగితే?" అన్నారు. తరవాత ఒక్క క్షణం నా ముఖం చూసి, లేచి చొక్కా వేసుకున్నారు. చెవి మాత్రం నా చేతికివ్వలేదు. చెవి తన చేతి నుంచి పోకూడదని రూలు. రిక్షా కోసం సందు చివరిదాకా నడిచాం. గోల్‌బజార్ దగ్గర సంత రద్దీ. నేను సైకిలు దిగి రిక్షా పక్కన నడిచాను.

మేం వెళ్ళేసరికి ఇమాం గారు మట్టిలో అలాగే కూర్చుని ఉన్నారు. కుడి చెయ్యి ఇంకా కాస్త చాచి ఉంది. పక్కన ఎవరూ లేరు.

"నిలబడ్డాడు బాబూ," అన్నారు. "చాలాసేపు నిలబడ్డాడు. ఇద్దరు కుర్రాళ్ళొచ్చి పిలిచినారు. ఆడు గేటు ఏపు చూసినాడు. నా ఏపు చూసినాడు. ఎల్లిపోయినాడు."

సెక్రటరీ గారు తాళం తీశారు. గేటు రెండు రెక్కలూ బార్లా తెరిచి, పొద్దుగూకాక చేసే మగ్రిబ్ నమాజు దాకా అలాగే ఉంచారు. పాపం, ఆయన కూడా వీధి వైపు చూస్తూ కూర్చున్నారు.

ఆ వారంలోనే కరీం ఇంట్లోంచి వెళ్ళిపోయాడు.

*

వేసవి చివర పోలీసు స్టేషన్ నుంచి బొడోబాబు, అంటే అక్కడి పెద్ద దరోగా, కబురు పంపాడు. రెండు జిల్లాల అవతల ఒక ఊళ్ళో అద్దె గదిలో బాంబు చేస్తుంటే పేలిందట. కరీం పోయాడు. గోడ కూలి పక్కగదిలో బీడీలు చుట్టుకుంటున్న ఒక ముసలామె కూడా పోయింది.

శవాన్ని తీసుకొచ్చాం. కమిటీలో కొందరు శవం ముందు చేసే జనాజా నమాజు చెయ్యొద్దన్నారు. ఇమాం గారు అప్పుడు చొక్కా మడత ముట్టుకోలేదు. "అది చచ్చిపోయినోడి హక్కు. మనం ఇచ్చే బహుమానం కాదు," అన్నారు. "కానీ నేను ముందు నిలబడను. ఇలాటి చావుకి పెద్ద ఇమాం దూరంగా ఉండాల, మిగతా పిల్లలకి భయం కలగాల. మామూలు మనుషులు చెయ్యాల. బాబూ, నువ్వు నిలబడు." ఏడుగురం నిలబడ్డాం. ఆయన శ్మశానం ప్రహరీ బయట నిలబడ్డారు. తల మాత్రం కనిపించేది. మేం నాలుగుసార్లు దేవుడి ఘనత పలికేటప్పుడు ఆ తల నాలుగుసార్లు వంగింది.

పిన్ని ఆయన్ని ఒక్క మాట అనలేదు. పైగా ఓదార్చింది. "మీరు సెప్పినారు బాబూ, ఆడే ఇన్నేదు."

"లేదమ్మా," అన్నారాయన. "ఆడు అడిగినాడు. నేనే సెప్పలేదు."

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని ఆ ఊరు వెళ్ళారు. కూలిన గోడ దగ్గర ఇటుకలు ఏరుతున్నాడు ముసలామె భర్త. వాళ్ళది ఏ మతమో మేం అడగలేదు. ఆయన బెంగాలీలో అడిగాడు, "ఆ కుర్రాడు మీ ఛేలేనా?" మీ పిల్లాడేనా అని.

పక్కన పోలీసు జవాను ఉన్నాడు, రాసుకోవడానికి పుస్తకం తెరిచి. నేను ఇమాం గారి మోచెయ్యి పట్టుకున్నాను.

"అవును," అన్నారాయన. "మా పిల్లాడే. మా మసీదు పిల్లాడే."

ముసలాయన ఉమ్మలేదు, తిట్టలేదు. "ఎందుకిలా చేశాడు?" అన్నాడు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు. ఇమాం గారు వంగి ఇటుకలు ఏరడం మొదలుపెట్టారు. నేనూ ఏరాను. ముసలాయన కాసేపు చూసి, వద్దని చెయ్యి ఊపాడు. మేం ఆగలేదు. ఆయన లోపలికెళ్ళి తలుపు వేసుకున్నాడు.

తిరిగొచ్చేసరికి కలకత్తా ఆఫీసు నుంచి మనిషి స్వయంగా ఉత్తరం తెచ్చి ఉన్నాడు. మూడు దరఖాస్తులకి రాని జవాబు, అడగకుండానే రెండు రోజుల్లో వచ్చింది. శుక్రవారం బయాన్‌కి బదులు అదే చదవాలి. అమాయకుల ప్రాణం తీయడం ఘోరపాపమని, ఇది మన ధర్మం కాదని చక్కగా రాశారు. చివరి వాక్యం ఇది: ఆ యువకుడికి ఈ మసీదుతో గాని, ఈ సంస్థతో గాని ఎటువంటి సంబంధమూ లేదు.

శుక్రవారం ఇమాం గారు నిలబడి చదివారు. ఘోరపాపమన్న చోట ఆయన గొంతు ఎప్పుడూ లేనంత గట్టిగా పలికింది. చివరి వాక్యం దగ్గరికి వచ్చి ఆగారు. సెక్రటరీ గారు ముందు వరసలో తల దించుకున్నారు.

"ఇక్కడ ఇంకో మాట రాసుంది," అన్నారు ఇమాం గారు ఉర్దూలో. "అది అబద్ధం. నేను చదవలేను." కాగితం మడిచి పక్కన పెట్టి, సంతకం లేకుండా, కాగితం లేకుండా చెప్పారు. చలికాలంలో ఆ బుధవారం రాసిచ్చిన మాటే. కోపం పట్టుకుని బయలుదేరినవాడికి ఎవరు ఎదురుపడతారో. సైరన్ కూసింది. ఆయన ఆపలేదు. ఎవరూ లేవలేదు.

కుళాయిల దగ్గర మాకు తెలుగులో చెప్పడానికి వచ్చి, చెప్పలేకపోయారు. "మాట కాదనడానిక్కూడా ఒక వేళ ఉంటాది బాబూ," అని మాత్రం అన్నారు. "నాకది దాటిపోయినాక దొరికింది."

నెల తిరక్కుండా ఆయన్ని తప్పించారు. తప్పించిన ఉత్తరం కూడా నా చేతే టైపు చేయించారు. నేను చేశాను. ఆయన ఎవరితోనూ పోట్లాడలేదు, జమాత్ చీలలేదు. ఒక ట్రంకు పెట్టెతో బండెక్కారు. కిటికీలోంచి నాతో, "బాబూ, ఆ రోజు నేను తాళం బద్దలుకొట్టాల్సిందా?" అన్నారు. బండి కదిలేదాకా నా ముఖం చూశారు. నాకు అప్పుడూ తెలీదు, ఇప్పుడూ తెలీదు.

ఆయన వెళ్ళాక తాళం తీశారు. ఆదివారం తరగతికి అనుమతి కూడా వచ్చింది. చెప్పేవాళ్ళు లేరు.

చదివే తోబుట్టువులారా, ఈ కాగితం పక్కన పెట్టే ముందు చేతులెత్తండి. ముందుగా, పక్కగదిలో బీడీలు చుట్టుకుంటూ పోయిన ఆ తల్లి కోసం, ఆమె ఇంటి ముసలాయన కోసం. ఆమె పేరు మాకు తెలీదు, ప్రభువుకి తెలుసు. తరవాత కొడుకు సమాధి దగ్గరికి ఒంటరిగా వెళ్ళొచ్చే మా పిన్ని కోసం. తరవాత కరీం కోసం, వాడి పాపం ఎంత పెద్దదో ఆయన దయ అంతకన్నా పెద్దది గనక. తరవాత జవాబు తెలిసీ ఆగిపోయిన నా ఇమాం కోసం, తాళంచెవి పట్టుకుని వీధి వైపు చూసిన సెక్రటరీ గారి కోసం, బోర్డు అందంగా రాసిన నా కోసం. ప్రభూ, నీ ఇంటి వాకిట్లో ఎవరైనా బిడ్డ నిలబడి ఉంటే వాడిని ఇంకాసేపు నిలబెట్టు. మేం వస్తున్నాం. మాకు నడక చేతకాదు. నువ్వే మమ్మల్ని తొందరపెట్టు.

నాతో కలిసి ఆమీన్ అనండి.